లెక్కలోకి రాని మనిషి

“మన కాలేజీ ముందు మీకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఏమిటి?”

ఇంగ్లీషు క్లాసులో ఇచ్చిన సర్వేకి క్లాసు లీడరు ఎంచుకున్న ప్రశ్న అది.

మేడం మెచ్చుకుంది. “బాగుందమ్మా. అందరినీ ఇంగ్లీషులోనే అడగండి. తడబడినా పరవాలేదు.”

లీడరు తన నేస్తాన్ని వెంటేసుకుని క్యాంటీను, లైబ్రరీ, బస్టాపు అన్నీ చుట్టేసింది. ఎవరిని కదిలించినా ఒకటే జవాబు.

గేటు దగ్గరి పిచ్చోడు.

మాసిన గడ్డం, మెడలో ఈల. రోడ్డు దాటబోయే పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఆపేస్తాడు. వచ్చే బండ్లకి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడతాడు.

“ఆయన్ని కూడా అడుగుదామే,” అంది నేస్తం.

“సర్వేలో ఉన్నదే ఆయన గోల. ఆయన్నేం అడుగుతాం?”

అయినా లీడరు సరదాకి వెళ్ళి ఇంగ్లీషులో అడిగింది.

అతను తెల్లమొహం వేశాడు. “అవన్నీ నాకేం తెలుస్తాయి తల్లీ! రోడ్డు మీద కాగితం చూస్తూ నడవకు. ముందు బండ్లు చూడు.” మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

“చెయ్యి తియ్!”

విదిలించుకుని వచ్చేసింది. అతని మాట రాసుకోలేదు.

క్లాసులో లీడరు గడగడా మాట్లాడింది. అతని ఈలనీ కేకల్నీ అనుకరించేసరికి అందరూ గొల్లున నవ్వారు. మేడం మురిసిపోయి రిపోర్టును ప్రిన్సిపాల్‌కి చూపించింది.

ఆ వారంలోనే పోలీసు జీపు వచ్చింది. కానిస్టేబుళ్ళు అతణ్ణి రెక్కలు పట్టుకుని ఎక్కించారు.

“బెల్లు కొట్టే వేళైంది సార్! పిల్లలొచ్చేస్తారు,” అని అతను బతిమాలుతూనే ఉన్నాడు.

“నీ సర్వే పనిచేసిందే!” అని అందరూ లీడరు భుజం తట్టారు.

వానలు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం నేస్తం జల్లుకి గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. పక్కనుంచి వస్తున్న టిప్పరు ఆమెకు కనబడలేదు.

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు.

ఆస్పత్రి మంచం మీద ఆమె కోరింది ఒక్కటే.

“ఆయన్ని మళ్ళీ తీసుకురావే. ఇంకెవరికీ ఇలా కాకూడదు.”

లీడరు స్టేషను చుట్టూ తిరిగింది, ఆస్పత్రులు వెతికింది. చివరికి ఊరి బయట దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో ఆచూకీ దొరికింది.

“ఇప్పుడొచ్చావా అమ్మా!” అంది ఆశ్రమం నడిపే పెద్దావిడ. “పోయిన నెలే కన్నుమూశాడు. ఆ గేటు దగ్గరికి వెళ్ళిపోతానని ఒకటే గొడవ. ముద్ద ముట్టేవాడు కాదు.”

అతను ఆ గేటునే ఎందుకు పట్టుకుని ఉన్నాడో లీడరు తనకు తోచినట్టు ఊహించుకుంది.

“ఆయన కూతురు... ఆ రోడ్డు మీదే పోయిందా అండీ?”

“కూతురా? ఆయనకసలు పెళ్ళే కాలేదమ్మా,” అంటూ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “లారీ డ్రైవరు. మీ గేటు ముందు ఎవరో అమ్మాయి తన బండి కింద పడి చనిపోతే, శిక్ష అయ్యాక జైలు నుంచి ఇంటికి కూడా పోకుండా, తిన్నగా అక్కడికే వచ్చి నిలబడ్డాడట.”