ఆరు శాతం

"ఎనభై అయిందండీ. ఇక చాలు."

హనుమయ్య ఆ మాటంటూనే, కింద లాబీలో చార్జింగ్‌కి పెట్టి ఉన్న ఫోను వైరు పీకేశాడు.

ఆ ఫోను అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు బసవపున్నయ్యది.

బసవపున్నయ్యకు ఒళ్లు జలదరించింది. కోపంతో కాదు, అసహ్యంతో. ఆ చేతులు అలాంటివి. గోళ్లనిండా నలుపు, చొక్కానిండా యాసిడ్ చిల్లులు, పక్కనుంచి పోతే కుళ్లిన గుడ్డు వాసన. ఆటోనగర్లో లారీ బ్యాటరీలు బాగుచేసే ఈ శాల్తీకి మేడమీద గది అద్దెకిచ్చిన ఓనర్ని ఆయన తిట్టుకోని రోజు లేదు.

"నా ఫోను ముట్టుకోవడానికి నువ్వెవరయ్యా?"

"నూటికి నూరూ నింపి, తెల్లార్లూ అలా వదిలేస్తే బ్యాటరీ తొందరగా ముసలిదైపోద్దండీ. ఇరవైకి దిగకుండా, ఎనభై దాటకుండా చూసుకుంటే నాలుగేళ్లు మన్నుద్ది. వేడెక్కితే పౌచ్ తీసేయండి."

బసవపున్నయ్య ఫోనును కండువాతో రెండుసార్లు తుడిచి మళ్లీ ప్లగ్గుకి తగిలించాడు. ఆనాటి నుంచి పంతం కొద్దీ రాత్రంతా చార్జింగే, అదీ దిండు కింద. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఫోను పొద్దున నూరు చూపించి, మధ్యాహ్నానికల్లా నీలిగేది.

అంతలో బుడమేరు వాగు పొంగింది.

విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. కరెంటు పోయింది. మొదటిరోజు అపార్ట్‌మెంటంతా బాల్కనీల్లో నిలబడి నీళ్లను వీడియోలు తీసి గ్రూపుల్లో పెట్టుకుంది. సాయంత్రానికి ఫోన్లన్నీ కన్నుమూశాయి. బసవపున్నయ్యదైతే టిఫిన్ వేళకే.

బతికున్నది హనుమయ్య ఫోనొక్కటే. దాన్ని ఆపేసి, పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా లోపల దాచుకున్నాడు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వాటర్ ట్యాంకు మీదికెక్కి, రెండు నిమిషాలు మాట్లాడి దిగేవాడు.

ఎవరడిగినా ఇవ్వలేదు.

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలండీ. చార్జింగ్ చాలదు."

పైగా ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఎవరు ఏ మాత్రలు వాడతారు, పసిపిల్లకి ఏ పాలడబ్బా అని ఆరా తీసేవాడు.

"జనం చస్తుంటే వీడికి ఊసుపోక కబుర్లు. థూ," అన్నాడు బసవపున్నయ్య.

కింద నీళ్లలో మురుగూ, చచ్చిన పందులూ తేలుతున్నాయి. ఆయనకు ఆ కంపు కన్నా ఈ మనిషి కంపే ఎక్కువనిపించింది.

మూడోరోజు మధ్యాహ్నానికి బసవపున్నయ్య భార్య వెంకటరత్నమ్మకు ఇన్సులిన్ అయిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఆవిడ దాహం, దాహం అంటూ మంచానికి అతుక్కుపోయింది.

హనుమయ్య గుమ్మం దగ్గరికొచ్చాడు.

"అమ్మగారి మందు పేరేంటో చెప్పండి. నేను చెప్తాను."

"నీతో చెప్పించుకునే గతి మాకు పట్టలేదు. ఫోనిలా ఇవ్వు. బెంజ్ సర్కిల్లో మా బావమరిది ఉన్నాడు."

"కింద సిగ్నల్ ఉండదండీ. దాన్ని వెతుక్కుంటూ ఉన్న చార్జింగంతా తినేసుద్ది. ఆరు శాతమే మిగిలింది."

బసవపున్నయ్య ఆ కవరు లాక్కున్నాడు. ఫోను ఆన్ చేసి బావమరిదికి కొట్టాడు. కలవలేదు. మళ్లీ కొట్టాడు. పదకొండోసారి కొడుతుండగా అది చేతిలోనే ఆరిపోయింది.

"ఇంతేనా నువ్వు దాచింది?"

ఫోనును గుమ్మం బయటికి విసిరాడు.

హనుమయ్య దాన్ని తీసి, చొక్కాకి తుడుచుకుని, గోడ గడియారం వంక చూశాడు. ఆరు గంటలవడానికి ఇంకా పది నిమిషాలుంది.

మర్నాడు తెల్లారేసరికి మేడమీద గది ఖాళీ. మెడలోతు నీళ్లలోకి దిగి పోతుంటే చూశానని మొదటి అంతస్తు అమలమ్మ చెప్పింది.

"పీడ వదిలింది," అన్నాడు బసవపున్నయ్య.

"వెళ్తూ వెళ్తూ నా ఖాళీ మందుసీసా అడిగి తీసుకెళ్లాడండీ," మంచం మీంచి నీరసంగా అంది వెంకటరత్నమ్మ.

"చెత్త ఏరుకునే బుద్ధి ఎక్కడికి పోద్ది?"

పది గంటలకు, లారీ ట్యూబుల మీద చెక్కలు కట్టిన తెప్ప ఒకటి బాల్కనీ కిందికొచ్చి ఆగింది. దాని మీద యేసుకుమార్ అనే నడివయసు మెకానిక్. అట్టపెట్టెలోంచి ఒక్కో పొట్లం తీసి చదవసాగాడు.

"నూట రెండు, బీపీ మాత్రలు. మూడొందల ఒకటి, పాలడబ్బా. నాలుగొందల రెండు, ఆయాసం మందు."

ప్రతి పొట్లం మీదా ఫ్లాటు నంబరుంది. ఎవరో బుర్రున్న ఆఫీసరు చేసిన పని, అనుకున్నాడు బసవపున్నయ్య.

పెట్టె ఖాళీ అయింది.

"మా రెండొందల మూడేదయ్యా?"

"దానికేం లేదండీ."

"లేదేంటి? ఇక్కడ మనిషి ప్రాణం మీదికొచ్చింది. ఈ లిస్టు ఇచ్చిన బుద్ధిలేనివాడెవడు?"

యేసుకుమార్ నొచ్చుకున్నాడు.

"మా హనుమయ్య గారండీ. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, ఆటోనగర్లో ఉన్న నాకు ఫోన్లో రెండేసి నిమిషాలు. ఫ్లాటు నంబరు, మందు పేరు. చార్జింగ్ అయిపోద్దని ఇంకో మాట మాట్లాడేవారు కాదు. వరద ఉరవడి తగ్గి ఇవాళే రాగలిగాం. రెండొందల మూడుకి ఇన్సులిన్ పేరు కనుక్కుని నిన్న సాయంత్రం చెప్తానన్నారు. ఆ ఫోనే రాలేదు."

"ఆయన తెల్లారగట్టే మీ వైపొచ్చాడు కదయ్యా," అంది అమలమ్మ.

"మేం ఆ దారినే వచ్చామమ్మా. ఎవరూ ఎదురవలేదు."

అడిగినా తాను చెప్పని మందు పేరున్న ఖాళీ సీసా పట్టుకుని హనుమయ్య దిగిన ఆ నీళ్లకేసి బసవపున్నయ్య చూస్తూ ఉండిపోయాడు. లోపల్నుంచి వెంకటరత్నమ్మ దాహమని పిలుస్తూనే ఉంది.