కాలు పట్టనన్న ముసలాయన

"ఈ కాలు నేను పట్టను" అన్నాడు ముసలాయన.

భర్తను తీసుకొచ్చిన లమ్దువన్ తెల్లబోయింది. ఉబోన్ బస్టాండులో ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నదే కాళ్లు పట్టడానికి. అప్పటిదాకా కాళ్లు పట్టించుకున్న ఒకావిడ పక్క కుర్చీలో గురకపెట్టి మరీ నిద్రపోతోంది.

"ఏం తాతా, మా కాళ్లకేం తక్కువ? పొలం బురద కనిపించిందా?"

"అది కాదమ్మా. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడు. ఎడమ పిక్క ఎంత వాచిందో! చెయ్యి పెడితే కాలిపోతోంది. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు."

ఆమె భర్త సమ్రాన్ బ్యాంకాక్‌లో టాక్సీ నడుపుతాడు. పది గంటలు బస్సులో కదలకుండా కూర్చుని, ఇప్పుడే దిగాడు. ఎల్లుండి కొడుకు భిక్షువవుతున్నాడు. కొడుకు భిక్షాపాత్ర తను మోస్తూ గుడి చుట్టూ మూడుసార్లు తిరగాలి. ఏడాదిగా సమ్రాన్ నోట అదే మాట.

"వాయువు పట్టేసింది, అంతే. గట్టిగా నొక్కితే పోతుంది" అన్నాడు.

"నీ బోర్డు మీద నువ్వే రాశావుగా తాతా, రక్తం బాగా ఆడుతుందని!" అంది లమ్దువన్.

"అందుకే వద్దంటున్నా. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదలకూడదు."

"ఓహో, డాక్టరుగారా తమరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలాయన మాత్రం రోడ్డు మీదికి పరుగెత్తి టుక్‌టుక్ ఆపాడు. తిరిగొచ్చి చేతులు జోడించాడు.

"మీ కాళ్లు పట్టుకుంటానమ్మా, ఆసుపత్రికి వెళ్లండి."

"పట్టుకోమనేగా ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నాం!"

ఈసారి సమ్రాన్ కూడా పడీపడీ నవ్వాడు.

ఆ టుక్‌టుక్‌లోనే ఎక్కి సంత వీధికి వెళ్లారు. అక్కడొకామె మారుమాట లేకుండా నూనె రాసి, చెక్కపుల్లతో అరికాలు నొక్కి, పిక్క గట్టిగా పిసికింది.

"ప్రాణం లేచొచ్చింది" అన్నాడు సమ్రాన్.

లేచి నాలుగడుగులు వేశాడు. ఆయాసంతో ఛాతీ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్కటే అడిగింది.

"కాల్లోని గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఆ కాలు పిసకొద్దని మీకెవరూ చెప్పలేదా?"



కొడుకు గుండు చేయించుకుని కాషాయం కట్టాడు, తండ్రి చితి ముందు. లమ్దువన్ ఏమీ చేయలేక చూస్తూ నిలబడింది. ఏం చేసినా ఆ ఒక్క పూట వెనక్కి రాదు.

తన మీది కోపాన్ని ఎంతకాలమని మోస్తుంది? వారం తర్వాత ఆ కోపమంతా ముసలాయన మీద దింపుదామని బస్టాండుకి వచ్చింది. అంత తెలిసినవాడు రెక్క పట్టుకుని ఆపొద్దూ?

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎక్కడ ఆ ముసలోడు?"

పక్క బండి దగ్గర పచ్చిబొప్పాయి దంచుతున్నామె రోకలి ఆపింది.

"ఇప్పుడే ఎవర్నో ఆసుపత్రికి లాక్కెళ్లాడక్కా. బస్సు దిగినవాళ్లలో వాచిన కాలు కనిపిస్తే చాలు, ఇక ఆయన్ని ఎవరూ ఆపలేరు."

"ఇంతకీ ఎవరాయన?"

"ఈ ఊళ్లో కాళ్లు పట్టే వాళ్లందరికీ గురువు. పెద్ద బడి నడిపేవాడు. అది మూసేసి ఇక్కడొచ్చి కూర్చున్నాడు."

"ఇక్కడెందుకు?"

"దూరం బస్సులన్నీ ఆగేది ఇక్కడేగా అక్కా. ఆయన భార్య కూడా ఒకరోజు వాచిన కాలుతో ఇక్కడే బస్సు దిగింది. ఆ కాలు పట్టింది ఆయనే."