పేరుపేరునా అర్చన

"ఆ సైట్లన్నీ నావేనని నీకు, నాకు తప్ప ఎవ్వరికి తెల్వది. ఇంక ఎవరు చెప్తరు సాయీ?"

నాచారం ఆఫీసులో గోవర్ధన్ చెయ్యి చాపాడు. అక్కడ పనిచేసే సాయి కుమార్ ఆఫీసు తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

వాటర్ ఫిల్టర్ల రిపేరుకు ఏరియాకో పేరుతో వెబ్‌సైట్లు నడుపుతున్నాడు గోవర్ధన్. ఎందులోనూ తన పేరు లేదు. అయినా ఉప్పల్లో పోటీదారుడు సరిగ్గా వాటినే ఏరి, ఒక్కో అక్షరం మార్చి, అన్నింటికీ నకళ్లు తెరిచాడు. గిరాకీ అంతా అటు మళ్లింది.

"అన్నా, నేను చెప్పలే."

"మరి వానికి కలొచ్చిందా?"

అంతలో గోవర్ధన్ తల్లి శంకరమ్మ కీసరగుట్ట ప్రసాదంతో వచ్చింది.

"ప్రతి సోమారం లెక్కనే ఇయ్యాల గూడ అర్చన చేపిచ్చిన బిడ్డా. ముందుగాల నీ పేరు, గోత్రం. ఎనక నీ సైట్ల పేర్లు. నువ్వు ఫోన్ల చెప్తుంటే ఇని అన్ని యాద్ పెట్టుకున్న. అయ్యగారు ఒక్కటొక్కటి గట్టిగ సదివిండు."

గోవర్ధన్ తల తిప్పి సాయి వైపు చూశాడు.

"ఎప్పుడూ నా ఎనకనే నిలవడే ఒకాయన, ఇయ్యాల గవే పేర్ల మీద ఆయన గూడ చేపిచ్చుకున్నడు. మీ ఆఫీసాయనే గావచ్చని కొబ్బరిచిప్ప ఇచ్చిన."

ఆమె సాయి వైపు తిరిగి విభూతి పెట్టింది.

"నీ పేరు మీద గూడ చేపిచ్చిన బిడ్డా. మావోని దగ్గర్నే సల్లగుండాలని."

సాయి ప్రసాదం కళ్లకద్దుకుని మెట్లు దిగాడు. తాళంచెవి గోవర్ధన్ గుప్పిట్లోనే ఉండిపోయింది.