గోడకి కన్నం

"లాగకండి సార్, వెనక గోడకి తగులుతోంది!" అని అరిచాడు ఆపరేటర్.

పైపులు అతికే కొత్త మెషిన్ మీద వేసిన తొలి అతుకు అది. మనిషి దూరేంత లావు ప్లాస్టిక్ పైపులు రెండూ అంచులు కరిగి ఒక్కటయ్యాయి. విడివిడిగా లోపలికొచ్చినవి, ఇప్పుడు షెడ్డంత పొడుగై పక్క తలుపులోంచి బయటికి తిరగనంటున్నాయి.

"మెషిన్ ఇక్కడ బిగించమన్న తెలివిగలవాడు ఎవడయ్యా?" అన్నాడు ఓనరు.

"మీరే సార్. నేను వద్దంటే నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను."

"కోసి పారెయ్."

"మళ్లీ అతికితే మళ్లీ ఇరుక్కుంటుంది సార్. వెనక గోడకి కన్నం పెట్టడమే."

"అవతలిది మా అన్న వాటా. పంపకాలప్పుడు ఆ గోడ కట్టించిందే నేను. మూడేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడెళ్లి ఏ మొహం పెట్టుకుని అడగను?"

ధబ్బుమని గోడలోంచి ఓ ఇటుక ఊడి ఇవతల పడింది. ఆ కన్నంలో అన్న మొహం.

"పొద్దున్నుంచీ వింటూనే ఉన్నానురా. చిన్నప్పుడూ ఇంతే. మంచం గదిలోనే బిగించి, గుమ్మంలో పట్టడం లేదని ఏడ్చావు. ఎంత లావుంది నీ పైపు?"

తమ్ముడు రెండు చేతులూ బార్లా చాపాడు.

అన్న ఓ క్షణం ఆ చేతులకేసి చూశాడు.

"అంత కావాలంటే కన్నమెందుకురా," అన్నాడు సమ్మెట ఎత్తుతూ, "తలుపే పెట్టేద్దాం."