వజ్రమ్మ కట్టిన దిష్టిబొమ్మ

“ఇగో, ఎదురు మిద్దె ముసలాయన మళ్ల మన ప్లేట్లనే చూస్తుండు!”

ఆరేస్తున్న బట్టలు అక్కడే వదిలేసి వజ్రమ్మ గబగబా మెట్లు దిగొచ్చింది.

“చూస్తే ఏమైతదే? అరుగుతయా?” అన్నాడు లింగమూర్తి.

“నరుని కండ్లకు నల్లరాయి పగుల్తదంటరు. ఇవి అద్దాలాయె!”

గుజరాత్‌లోని పర్వత్ పాటియాలో ఆ గల్లీ మొత్తానికి మిద్దె మీద సోలార్ ప్లేట్లున్న ఇల్లు వాళ్లదొక్కటే. మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ లింగమూర్తి సరదాపడి పెట్టించాడు గానీ, ఆ కరెంటు రాజ్యం ఏలేది మాత్రం వజ్రమ్మే.

మిక్సీ తిరగాలంటే ఎండ నడినెత్తి మీద ఉండాలి. పొద్దుగూకాక ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే ఇంట్లో యుద్ధమే. మెట్ల కింద బ్యాటరీ, దాని పక్కన డబ్బా, డబ్బా మీద మూడు పచ్చ లైట్లు. బ్యాటరీ నిండి మూడూ వెలిగితే వజ్రమ్మ మొహమూ వెలిగేది.

ఇప్పుడు ఆ లైట్లతోనే పెద్ద పనిబడింది. వారం తిరిగితే బిడ్డ కరుణ పెండ్లి.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలమది. సిరిసిల్ల నుంచి ఒక్క చుట్టం కదిలే దారి లేదు. పెండ్లికొడుకు పరుశురాం ఇక్కడోడే గానీ, వాళ్ల తాత మాత్రం సిరిసిల్లలోనే చిక్కుకుపోయాడని వాళ్లు కబురు చేశారు. కరుణను చిన్నప్పుడు సాకిన అమ్మమ్మ ఎల్లవ్వ ఇక ఫోన్లోనే పెండ్లి చూడాలి.

“నేను జూడంది అది పెండ్లే కాదు,” అని ముసలమ్మ ముందే బెదిరించింది.

పైగా తుఫాను వస్తుందంటున్నారు. కరెంటు పోతే వైఫై డబ్బాకు ఆ బ్యాటరీయే దిక్కు. అట్లాంటి ప్లేట్ల మీద పరాయి కండ్లు పడితే వజ్రమ్మ ఊరుకుంటుందా? బూడిద గుమ్మడికాయ తెచ్చి, వెదురుకర్రకు వేలాడగట్టి, సరిగ్గా ప్లేట్ల ముందు నిలబెట్టింది.

ఆ సాయంత్రం రెండు లైట్లే వెలిగాయి.

“చూసినవా? ఎంత పాడు కండ్లో!”

ముసలాయన ఆ మిద్దె మీది ఒంటిగది ఖోలీలో కొత్తగా దిగాడు. మూతికి మాస్కు తియ్యడు, కిందికి దిగడు, ఎవరితోనూ మాట్లాడడు. మర్నాడు గాలిపటాలు అందుకునే పొడుగు కర్ర పట్టుకుని ఏదో సైగ చేశాడు.

“క్యా హై కాకా?” అని అరిచింది వజ్రమ్మ.

ఆయన కర్రతో గుమ్మడికాయను చూపించి, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఓయమ్మ, వెక్కిరిస్తుండు!”

గుజరాతీ ముసలాయనకు మన మాటలేం తెలుస్తాయిలే అన్న ధైర్యంతో తెలుగులో అందుకుంది.

“నీ కండ్లల్ల మన్నువడ! నీ ఇంట్ల పనిపాట లేదా? మా ఇంటి మీద పడి ఏడుస్తవేంది?”

ముసలాయన భుజాలు కదిలాయి. దగ్గో ఏమో, వజ్రమ్మకు తెలియలేదు.

పెండ్లి రెండు రోజులుందనగా తుఫాను రానే వచ్చింది. గల్లీలో కరెంటు పోయింది. మర్నాడు వాన వెలిసి మంచి ఎండ కాసినా కరెంటు రాలేదు, బ్యాటరీ నిండలేదు.

వజ్రమ్మ రోషం చూడాలి! గడ్డితో మనిషంత దిష్టిబొమ్మ కట్టి, నల్ల దుప్పటి కప్పి, గుమ్మడికాయ పక్కనే నిలబెట్టింది. పెండ్లి పనుల్లో లింగమూర్తికి మిద్దె ఎక్కే తీరికే లేదు.

సాయంత్రానికి ఒక్క లైటు మిగిలింది. అదీ మినుకు మినుకుమంటోంది.

“అమ్మమ్మ నా పెండ్లి చూడదా అమ్మా?” అని కరుణ ఏడ్చింది. వజ్రమ్మకూ దుఃఖం ఆగలేదు.

పెండ్లినాడు పొద్దున్నే మిద్దె ఎక్కి చూసింది. గుమ్మడికాయ లేదు, బొమ్మా లేదు. రెండూ ఎదురు మిద్దె మీద పడున్నాయి. పక్కనే పొడుగు కర్ర.

“పెండ్లింటి దిష్టిబొమ్మను గుంజుకుంటవా ముసలోడా! నీ జిమ్మడ! నీకు సిగ్గు...”

“వజ్రమ్మా, ఉరికిరా! రెండో లైటొచ్చింది!” కింది నుంచి లింగమూర్తి కేక.

ముహూర్తానికి మూడూ వెలిగాయి.

లింగమూర్తి పైకొచ్చి, ప్లేట్లను చూసి, కర్రలు నిలబెట్టిన చోటును చూసి తల కొట్టుకున్నాడు.

“ఏం తెలివే నీది! నీ బొమ్మల నీడకు ప్లేట్లు పండుకున్నయ్. పాపం, ఆ పెద్దమనిషి మొత్తుకున్నది గిందుకే!”

వజ్రమ్మ నాలుక కరుచుకుంది. వెళ్లి దండం పెట్టి నాలుగు లడ్డూలన్నా ఇచ్చి రావాలనుకుంది. అంతలో పెండ్లికొడుకు రానే వచ్చాడు.

మిద్దె మీదే, ప్లేట్ల పక్కన చిన్న టెంటు కింద పెండ్లి జరిగింది. ఫోన్లో ఎల్లవ్వ ఒక్కతే వందమంది పెట్టు.

“ఫోను జర కిందికి దించుండ్రి, పుస్తెలు కనవడ్తలెవ్వు!”

దించారు. ఎల్లవ్వ అక్కడ తన ఫోను మీదనే అక్షింతలు చల్లింది. ఇక్కడ అందరూ ఒకటే నవ్వు. కరుణ నవ్వుతూనే ఏడ్చింది.

అప్పుడు పరుశురాం కరుణ చెయ్యి పట్టుకుని మిద్దె అంచుకు తీసుకెళ్లాడు. ఇద్దరూ ఎదురు మిద్దెకు వంగి మొక్కారు.

“ఆయనకు మొక్కుడేంది బిడ్డా?” అంది వజ్రమ్మ.

ముసలాయన మాస్కు దించాడు. కండ్లు తుడుచుకున్నాడు. గుప్పెడు అక్షింతలు గల్లీ మీదుగా పిల్లల వైపు విసిరాడు.

“నాకు కరోనా పాజిటివొచ్చిందంటే పెండ్లి ఆపుతరని ఊర్లున్నట్టు చెప్పిచ్చిన,” అన్నాడు, అచ్చమైన సిరిసిల్ల తెలుగులో. “మనుమని పెండ్లి కండ్లార సూద్దామనే మీ ఎదురుంగ ఖోలీ కిరాయికి తీసుకున్న, గని నువ్వు పెట్టిన తిట్లు నాకొక్కటన్న సమజ్ గాలేదనుకున్నవా, ఇయ్యపురాలా?”