గుండు గీయించుకోని పిల్ల

"నేను గీయించుకోను," అంది బ్రిడీ.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. అప్పటికే ముగ్గురు అమ్మాయిలు నున్నటి గుండ్లతో ఉన్ని మూటలెక్కి కూర్చున్నారు. నాలుగో పిల్ల టమ్సిన్ స్టూలు మీద ఉంది. ఆమె తల మీద సగం దూరం వెళ్ళిన మెషిను వారిక్ చేతిలో గుర్రుమంటోంది. మిగిలింది అతని కూతురు బ్రిడీ ఒక్కతే.

గొర్రెల ఉన్ని కోత ముగిసిన సాయంత్రం, అడిగినవాళ్ళకి షెడ్డులోనే క్రాపు చేయడం వారిక్ అలవాటు. ఎప్పుడూ ఉన్ని కోసేవాళ్ళే కూర్చునేవారు. ఈసారి బ్రిడీ క్లాసు పిల్లలు వచ్చి గుండ్లు కావాలన్నారు. అంతా ఆ పుస్తకాల మహిమ. నాలుగు భాగాల కథ ఒకటి ఏడాదిగా వాళ్ళ సంచుల్లో తిరుగుతోంది. అందులో ఒక పట్నం ఉంది. దాని గేటు దగ్గర నిలువెత్తు అద్దం. అద్దం ఒప్పుకున్న మొహాలకే లోపలికి దారి. ఒప్పుకోని ఆడపిల్లలు గుండ్లు గీసుకుని కొండలెక్కి ఎదురు తిరుగుతారు. రేపటి స్కూలు డాన్సుకి వీళ్ళు ఐదుగురూ అలాగే వెళ్ళాలని పంతం. ఆ పుస్తకాలు ముందు చదివింది బ్రిడీ. చలికాలంలో అందరిచేతా ఒట్టు వేయించిందీ బ్రిడీయే.

"అద్దం నిన్ను ఒప్పుకున్నట్టుందిలే," అంది టమ్సిన్, సగం గుండుతోనే. "పో మరి, గేటు లోపలికి పో. రేపు మా బల్ల దగ్గర మాత్రం కూర్చోకు."

మూటల మీది ముగ్గురూ కిసుక్కుమన్నారు. తనకి తలనొప్పిగా ఉందని బ్రిడీ ఏదో గొణిగింది. నాలుగో భాగం తెరవకుండానే లైబ్రరీకి ఎందుకిచ్చేశావని ఒక పిల్ల అడిగింది. బ్రిడీ రెండు చేతులూ జడ మీద వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

వారిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా పరాయి పిల్లలు. వాళ్ళని టోపీలు లేకుండా వాకిట్లో అడుగు పెట్టనివ్వలేదు అతను. వాళ్ళూ ఎదురు చెప్పలేదు. ఎందుకో ఊరందరికీ తెలుసు. అతని భార్య నోలీన్‌ని ఎండే తీసుకుపోయింది. మెడ మీద నల్ల మచ్చ, చర్మం క్యాన్సరు. డాక్టరు ఆమె చెవి కింద వేళ్ళతో నొక్కి చూసి, గడ్డ కట్టింది, ఆలస్యమైపోయిందన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వారిక్ కళ్ళద్దాలు పెట్టుకుని కూతురి చేతులూ మెడా వీపూ చూస్తాడు. ఏమీ లేదంటాడు. టీ పెట్టుకుంటాడు.

టమ్సిన్ గుండు పూర్తిచేసి మెషిను దులిపాడు.

"కూర్చో," అన్నాడు కూతురితో.

"నువ్వొద్దు నాన్నా. ఇంటికెళ్ళి నేనే గీసుకుంటా."

"మెషిను పట్టడం వచ్చా నీకు? అందరితో ఒట్టు వేయించి నువ్వు తప్పుకోవడం ఏమిటి?"

"రేపు పొద్దున గీసుకుంటాగా."

"మీ అమ్మ చివర్లో ఒక్కసారి కూడా అద్దం అడగలేదు," అన్నాడు వారిక్. అందరికీ వినపడేలాగే అన్నాడు. "నీకెక్కణ్ణుంచి వచ్చింది ఈ సోకు?"

బ్రిడీ అతని మొహంలోకి చూసింది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. జడ తనే విప్పుకుంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు దారికొచ్చావని టమ్సిన్ ఈల వేసింది. నుదుటి మీంచి మొదలుపెట్టాడు వారిక్. నల్లటి జుట్టు పాయలుపాయలుగా జారి, నేల మీది తెల్ల ఉన్ని ముక్కల్లో పడుతోంది. అతనికి కోపం ఇంకా తగ్గలేదు. చెయ్యి కొంచెం మొరటుగానే నడిచింది. తల ఒక పక్కకి వంచి, కుడి చెవి వెనక్కి మెషిను పోనిచ్చాడు.

అక్కడ ఆగింది చెయ్యి.

పుచ్చగింజంత మచ్చ. నల్లగా, అంచులు చెదిరి. ఏ ఆదివారమూ జుట్టు పైకెత్తి చూడలేదు తను.

కళ్ళద్దాలు అక్కర్లేకపోయాయి. వేళ్ళు వాటంతటవే చెవి కిందికి జారాయి, ఆ రోజు డాక్టరు వేళ్ళు జారినట్టే. చర్మం కింద బఠాణీ గింజలాంటిది గట్టిగా తగిలింది. మెషిను గాలిలో ఊరికే తిరుగుతోంది. మూటల మీద పిల్లలు కాళ్ళు ఊపుకుంటూ, ఎవరి గుండు గుండ్రంగా ఉందని వాదించుకుంటున్నారు.

బ్రిడీ తల తిప్పలేదు.

"రెండో వైపు కూడా ఉంది నాన్నా," అంది మెల్లగా. "ఆపకు, వాళ్ళు చూస్తారు."