అసలు సామాను

“క్లచ్ పెడల్ పీకేశావా! అరవై తొమ్మిదిలో కంపెనీ బిగించిన పెడలే అది!” డెట్రాయిట్‌లో తన ఇంటి గ్యారేజీలో వెర్నన్ గుండె పట్టుకున్నాడు.

కూతురు రొవీనా స్టీరింగ్ పక్కన క్లచ్‌కి చేతి లివర్ బిగిస్తోంది. “ఎడమకాలు లేనిదాన్ని, దేంతో తొక్కను నాన్నా?”

“నేను నడుపుతాగా! అసలు సామాను పోతే ఈ కారు పాతకార్ల పోటీలో నిలబడదే.”

ఆమె తన ఉక్కుకాలిని పానాతో ఖంగుమనిపించింది. “నా అసలు సామానూ పోయింది. నేను నిలబడలేదా?”

లివర్ బిగించేసి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

ఇంజను గర్జించింది. అలవాటుగా డ్రైవరు తలుపు దాకా వెళ్లిన వెర్నన్, చుట్టూ తిరిగొచ్చి, ఎన్నడూ కూర్చోని పక్క సీట్లో కూర్చున్నాడు.

రొవీనా లివర్ నొక్కి గేరు మార్చింది. వెర్నన్ ఎడమకాలు తనంతట తానే ఖాళీ నేలను తొక్కింది.

“ఆ కాలు తియ్యి నాన్నా. ఇక్కడ దాంతో పన్లేదు.”